గోడే కదా అని దాటిపోకండి

లాస్ ఏంజెలస్ డౌన్‌టౌన్‌కి చుట్టాలొస్తే మనవాళ్లు తప్పకుండా చూపించేవి బ్రాడ్‌బరీ బిల్డింగు, దాని ఎదురుగా గ్రాండ్ సెంట్రల్ మార్కెట్. ఆ బిల్డింగు వెనకే, బ్రాడ్‌వేకీ స్ప్రింగ్ స్ట్రీట్‌కీ మధ్య నడకదారిలో, పార్కింగ్ గరాజ్‌ని ఆనుకుని 81 అడుగుల పొడుగున నల్లటి కాంక్రీటు గోడ ఒకటి ఉంది. రండి చూద్దాం అంటే మావాళ్లే "గోడలో చూసేదేముంది, ఆకలేస్తోంది పద" అన్నారు. ఒళ్లు మండింది. అందుకే ఇంత పొడుగు రాస్తున్నా.

ఆ చోట బిడ్డీ మేసన్ అనే నల్లజాతి మంత్రసాని ఇల్లు ఉండేది. ఆ గోడ ఆవిడ స్మారకమే. 1866లో 250 డాలర్లిచ్చి ఆ స్థలం కొంది. అందులో గొప్పేముంది అనేవాళ్లు ఆవిడ అక్కడిదాకా ఎలా వచ్చిందో వినాలి. పుట్టుకతోనే బానిస. యజమాని మిసిసిపీ నుంచి యూటాకి, అక్కణ్ణుంచి 1851లో శాన్ బెర్నార్డినోకి మకాం మారిస్తే, ముగ్గురు కూతుళ్లని, అందులో ఒకతి చంటిపిల్ల, వెంటబెట్టుకుని బండ్ల వెనక పశువుల్ని తోలుకుంటూ వేల మైళ్లు నడిచింది. కాలిఫోర్నియాలో బానిసత్వం లేదు కాబట్టి యజమాని అందర్నీ టెక్సస్ తీసుకుపోవాలని చూశాడు, అక్కడ బానిసత్వం చట్టబద్ధం. లాస్ ఏంజెలస్‌లోని నల్లవాళ్లు, ముఖ్యంగా ఓవెన్స్ కుటుంబం, అడ్డుపడితే విషయం కోర్టుకెక్కింది. తెల్లవాళ్లకి వ్యతిరేకంగా నల్లవాళ్లు సాక్ష్యం చెప్పకూడదని అప్పటి చట్టం! అందుకే జడ్జి బెంజమిన్ హేస్ ఆవిణ్ణి తన గదికి పిలిపించి మాట విన్నాడు. 1856 జనవరిలో ఆవిడతో కలిపి 14 మందికి విముక్తి వచ్చింది.

తర్వాత మంత్రసాని పని. రోజుకి రెండున్నర డాలర్లు. ఆ సంపాదనలో పదేళ్లు కూడబెట్టి కొన్నదే ఆ స్థలం. చదువు రాదు, సంతకం బదులు ఇంటూ గుర్తు పెట్టేది. 1872లో నగరంలో మొదటి ఆఫ్రికన్ మెథడిస్ట్ చర్చి పెట్టినవాళ్లలో ఆవిడా ఉంది. ఊరంతా గ్రాండ్‌మా మేసన్ అనే పిలిచేవాళ్లు. అలాంటి మనిషి 1891లో పోతే, సమాధి మీద పేరు చెక్కించడానికి 1988దాకా ఎవరికీ తీరికలేకపోయింది.

ఇప్పుడు గోడ సంగతి. చరిత్రకారిణి డొలోరెస్ హేడెన్ నడిపిన ప్రాజెక్టు అది. షీలా లెవ్రాంట్ డి బ్రెట్‌విల్ డిజైన్ చేసింది, 1989లో తెరిచారు. బిడ్డీ విగ్రహం లేదు. నడుస్తుంటే దశాబ్దం తర్వాత దశాబ్దం ఆవిడ జీవితం గోడ మీద చదువుకోవచ్చు. కాంక్రీటులో బండిచక్రాల అచ్చులున్నాయి, ఇంకొంచెం ముందుకెళితే మంత్రసాని సంచి, కత్తెర, దారపు రీలు అచ్చులు. వేలితో తడిమి చూడండి, కత్తెర అంచు చేతికి తెలుస్తుంది. ఆవిడ విముక్తి పత్రం, స్థలం దస్తావేజు కూడా ఆ గోడలోనే కనిపిస్తాయి. అక్షరం రాని మనిషి సంపాదించుకున్న రెండు కాగితాలు ఆవిడ సొంత నేలమీదే నిలబెట్టారు. ఇంతకన్నా సరైన స్మారకం ఏముంటుందో నాకు తెలీదు.

అమెరికాలో తొలి వలసదారుల స్మారకాలు చాలాచోట్ల ఒకేలా ఉంటాయి, దూరంగా చూస్తున్న తెల్ల కుటుంబం, పక్కన గుడ్డకప్పిన బండి. బండి వెనక నడిచినవాళ్లు అందులో కనిపించరు. మన ఊళ్లలోనూ అంతే, సెంటర్లో చెయ్యెత్తిన విగ్రహం, జయంతికో దండ, ఆ మనిషి నిజంగా బతికిన ఇల్లు ఎక్కడుందో పక్కవీధివాళ్లకే తెలీదు. విగ్రహాలొద్దని నేననను. మనిషి ఏ నేలమీద ఏ పని చేసి బతికాడో చెప్పని విగ్రహం వల్ల పిల్లలకి ఒరిగేదేమీ లేదంటాను.

నాకున్న బాధల్లా ఒకటే. అంత గోడ కట్టి గరాజ్ చాటున పెట్టారు. తెలిసి వెతుక్కుంటూ వెళితే తప్ప దొరకదు. స్ప్రింగ్ స్ట్రీట్ మీద నలుగురికీ కనబడేలా పెద్ద బోర్డు పెట్టాలి, స్కూలు పిల్లల్ని బస్సుల్లో తీసుకురావాలి. ఈలోగా మనం చెయ్యగలిగింది మనం చేద్దాం. ఈసారి ఇండియా నుంచి అమ్మానాన్నలొస్తే మార్కెట్‌లో తినేసి నేరుగా కారెక్కించకండి. పగటిపూట అటు తీసుకెళ్లి, గోడ మీద మొదటి దశాబ్దం, 1810ల దగ్గర మొదలుపెట్టి చివరిదాకా తెలుగులో చదివి చెప్పండి.