399 పౌండ్ల కొటేషన్ గారికి

మహారాజశ్రీ కన్వేయన్సింగ్ కొటేషన్ గారి సముఖానికి,

ఇంగ్లండ్‌లోని రెడింగ్ నుంచి, అద్దె ఇంటి ఓనరుకు ఇంకో ఏడాది సమర్పించుకునే ఉద్దేశం లేని ఒక ఒంగోలు వాడు రాసుకున్న విన్నపం.

"కేవలం 399 పౌండ్లు" అంటూ లావు అక్షరాలతో తమరు నా ఇన్‌బాక్సులోకి దయచేశారు. ఆ అంకె పక్కన ఒక బుల్లి నక్షత్రం గుర్తు. ఆషాఢం సేల్ బోర్డు మీద "50 శాతం వరకు" అన్నచోట ఆ "వరకు"ను ఎంత చిన్నగా రాస్తారో, మీ నక్షత్రం సరిగ్గా అంత ఉంది. చూడగానే సొంతవాళ్లను చూసినట్టనిపించింది.

ఈ లేఖ చదివే మనవాళ్లకు ఒక మాట చెప్పి మళ్లీ తమరి దగ్గరికొస్తాను. ఇక్కడ ఇల్లు కొనేవాడు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు మెట్లెక్కడు. ఇద్దరు సాక్షులను వెంటబెట్టుకుని వేలిముద్రలు వేయడానికి పోడు. టైటిల్ చూడటం, కౌన్సిల్ (ఇక్కడి మున్సిపాలిటీ) నుంచి ఇంటి వివరాలు తెప్పించడం (వీటినే సెర్చ్‌లంటారు), అమ్మేవాళ్ల వకీలును ప్రశ్నలతో విసిగించడం, లోను డబ్బు తెచ్చి అవతలివాళ్లకు పంపడం, 14 రోజుల్లోగా స్టాంప్ డ్యూటీ రిటర్ను వేయడం, చివరికి ల్యాండ్ రిజిస్ట్రీలో పేరు ఎక్కించడం, అన్నీ ఒక సొలిసిటరో, లైసెన్సున్న కన్వేయన్సరో చేస్తారు. దీన్నే కన్వేయన్సింగ్ అంటారు. మన బతుకులోకెల్లా పెద్ద బేరం, చాలాసార్లు మనం ముఖమైనా చూడని మనిషి చేతిలో ఉంటుంది. ఆ మనిషిని ఎంచుకోమని మన చేతికిచ్చే కాగితం మీరు.

కాబట్టి శ్రద్ధగా చదివాను. నక్షత్రాన్ని పట్టుకుని రెండో పేజీకి వెళ్లాను. ఐడీ చెక్ మనిషికి ఇంత. బ్యాంకు నుంచి డబ్బు పంపితే 42 పౌండ్లు. స్టాంప్ డ్యూటీ ఫారం నింపినందుకు 95. లోను ఇచ్చే బ్యాంకు తరఫున కూడా మీరే పనిచేస్తారట, అందుకు 150, అదీ నా దగ్గరే. లీజ్‌హోల్డ్ (నేల సొంతం కాకుండా కొన్నేళ్ల లీజు మీద వచ్చే ఇల్లు) అయితే 295 అదనం. ఫైలు దాచిపెట్టినందుకు ఇంకొంత. అన్నిటి మీదా 20 శాతం వ్యాట్. కౌన్సిల్ సెర్చ్‌లూ రిజిస్ట్రీ ఫీజులూ వేరే. అసలు కన్నా వడ్డీ ముద్దు అని మనవాళ్లు అన్నది వడ్డీ వ్యాపారం గురించనుకున్నాను. బ్యాంకు డబ్బు పంపకుండా, స్టాంప్ డ్యూటీ ఫారం నింపకుండా ఈ దేశంలో లోను మీద ఇల్లు కొన్నవాడు ఒక్కడుంటే చూపించండి సార్, అవి "అదనపు సేవలు" అని ఒప్పుకుంటాను.

"కొనుగోలు జరగకపోతే ఫీజు లేదు" అని కూడా అన్నారు. సంతోషం. అప్పటికే తెప్పించిన సెర్చ్‌ల ఖర్చు మాత్రం వెనక్కి రాదని ఆరో పేజీలో అన్నారు. అది కూడా సంతోషమే అనుకోవాలా?

"గిఫ్టెడ్ డిపాజిట్: ఇచ్చే ఒక్కొక్కరికి 75 పౌండ్లు" అన్న వరుస గురించి మా ఇంట్లో చర్చ జరిగింది. ఒంగోలు శివార్లలో ఉన్న ప్లాటు అమ్మి నాన్న కొంత డబ్బు పంపుతున్నారు. మనీ లాండరింగ్ నిబంధనల ప్రకారం ఆ డబ్బు ఎక్కడిదో మీరు అడగాలి, కాదనను. ప్లాటు అమ్మిన దస్తావేజు తెలుగులో ఉంది కాబట్టి ఇంగ్లీషు అనువాదం కావాలన్నారు, చేయించాం. ఆ తర్వాత నాన్న సంతకం చేయాల్సిన ఉత్తరం పంపారు: ఇది అప్పు కాదు, ఈ ఇంట్లో నాకు ఎలాంటి హక్కూ ఉండదు. నాన్న ఫోన్‌లో చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నారు, "నా కొడుక్కి నేను డబ్బులిచ్చి, వాడి ఇంట్లో నాకేం లేదని నా చేతే రాయిస్తున్నారా? దానికి 75 పౌండ్లా? మన డాక్యుమెంట్ రైటరైతే వంద రూపాయలకు రాసిపెడతాడు కదరా."

తమరు నా దాకా వచ్చిన దారి కూడా నాకు తెలుసు. ఇల్లు చూపించిన ఎస్టేట్ ఏజెంటు కుర్రాడు, మా ఆఫర్ ఒప్పుకున్న మర్నాడే, "మా సొలిసిటర్లయితే చాలా ఫాస్ట్" అని మిమ్మల్ని పంపాడు. ఏజెంటుకు జీతం ఇచ్చేది అమ్మేవాళ్లు. నన్ను మీ దగ్గరికి తోలినందుకు మీరిచ్చేది రిఫరల్ ఫీజు. అది తీసుకుంటున్నట్టు అతను చెప్పాలి. చెప్పాడు కూడా, పీడీఎఫ్ చివర, మీ నక్షత్రానికి తమ్ముడిలాంటి అక్షరాల్లో. తమ వకీలును పెట్టుకోలేదని కొనేవాడి మీద వివక్ష చూపకూడదని 1991 నాటి నిబంధనల్లోనే ఉంది. ఆ కుర్రాడు వివక్ష చూపలేదు. "బయటి సొలిసిటర్లయితే లేటవుతుంది, మరి ఓనర్లు ఆగుతారో లేదో" అని నా మీద జాలి చూపించాడు.

ఈ సంగతి నాన్నకు చెబితే ఆయన వాక్యం ఒకటే. "బ్రోకరు కుదిర్చిన వకీలును పెట్టుకుంటారంట్రా ఎక్కడైనా?" రెడింగ్ గురించి ఏమీ తెలియని మనిషి, ఇంగ్లీషు వినియోగదారుల సలహా పేజీలన్నిటి సారం ఒక్క మాటలో చెప్పారు.

కొటేషన్ గారూ, మీ వంశం ఇలా పోటీపడి ధర తగ్గించుకునే స్థితికి వస్తుందని మీ తాతలు కలలో కూడా అనుకోలేదు. 1804 నాటి స్టాంప్ చట్టంతో ఫీజు తీసుకుని కన్వేయన్సింగ్ చేసే పని వకీళ్ల గుత్తసొత్తు అయింది. 1985లో పార్లమెంటు ఆ గుత్తాధిపత్యాన్ని తీసేసింది. 1987 నుంచి లైసెన్సున్న కన్వేయన్సర్లు రంగంలోకి వచ్చారు. 2018 డిసెంబరు నుంచైతే సొలిసిటర్లు ఇళ్ల పని ధరలు వెబ్‌సైటులో పెట్టి తీరాలన్నారు. ధరా, పని చేసేవాళ్ల అనుభవం, అర్హతలూ బయటపెట్టమన్నారు గానీ, ఆ ధరకు నా ఫైలు సరిగ్గా ఎవరి బల్ల మీద పడుకుంటుందో అక్కడ చెప్పమనలేదు. తమరి బలమంతా అక్కడే ఉంది.

అందుకని లోకల్ సొలిసిటర్‌ను వెతుకుదామని బయల్దేరాను. గూగుల్‌లో కొట్టగానే "రెడింగ్‌లో మీ నమ్మకమైన లోకల్ కన్వేయన్సర్లు" అని ఒక పేజీ వచ్చింది. థేమ్స్ నది ఫొటో, ఊరి మీద ప్రేమతో రెండు పేరాలు. అదే కంపెనీ పేజీలో రెడింగ్ బదులు స్లౌ అని ఉంటే ఆ రెండు పేరాల ప్రేమ స్లౌ మీద. అడ్రసు చూస్తే ఇంగ్లండుకు ఆ చివర ఒక ఇండస్ట్రియల్ ఎస్టేటు. తమరి చుట్టాలే అయ్యుంటారు.

మరి నిజంగా లోకల్ అయితే ఒరిగేదేమిటి? మీరు వేసే ఎదురుప్రశ్న న్యాయమైనదే, దాటవేయను. ల్యాండ్ రిజిస్ట్రీ 1862 నుంచి ఉంది, 1990 డిసెంబరు నుంచి ఇంగ్లండ్, వేల్స్ అంతటా అమ్మకం జరిగితే రిజిస్టర్ చేయించడం తప్పనిసరి. 7 పౌండ్లు కడితే ఏ ఇంటి టైటిల్ రిజిస్టరైనా కార్డిఫ్‌లో కూర్చుని చూడొచ్చు. నేనూ తెప్పించి నాన్నకు పంపాను. "ఇదేనా? మూడు పేజీలేనా? ముప్పై ఏళ్ల లింక్ డాక్యుమెంట్లు ఏవి? ఈసీ ఏది?" అన్నారు. మన దగ్గర సబ్ రిజిస్ట్రార్ దస్తావేజును రిజిస్టర్ చేస్తాడు గానీ అమ్మినవాడే అసలు ఓనరని పూచీ పడడు. ఇక్కడ రిజిస్టరులో పేరుంటే ప్రభుత్వమే పూచీ, తప్పు జరిగి నష్టపోతే పరిహారం కూడా ఇస్తుంది. ఇదంతా చెప్పాను. "అయినా ఒకసారి పాతవి అడుగు" అన్నారు.

ఆయన అన్నదాంట్లో అర్థం లేకపోలేదు. రిజిస్టర్ ఓనరెవరో చెబుతుంది, ఇంటి కింద ఏముందో చెప్పదు. మా రెడింగ్‌లోనే 2000 సంవత్సరంలో ఫీల్డ్ రోడ్డు దగ్గర నేల కుంగింది, కింద పాత సుద్ద తవ్వకాలు. నారిచ్‌లో 1988లో ఇలాంటి తవ్వకాల మీదే డబుల్ డెక్కర్ బస్సు వెనక భాగం రోడ్డులోకి దిగిపోయింది. చెషైర్‌లో నార్త్‌విచ్ వైపు ఉప్పునీళ్లు తోడీ తోడీ భవనాలు ఒరిగాయి. అక్కడ ఇల్లు కొంటే ఉప్పు కుంగుబాటుకు వేరే సెర్చ్ ఉంది. సెర్చ్ ఎవరైనా తెప్పిస్తారు, పోస్ట్‌కోడ్ కొడితే చాలు. వచ్చిన లావుపాటి రిపోర్టులో "మరింత విచారణ మంచిది" అనే వాక్యం చూసి, "ఆ వీధా? పై సగానికి భయం లేదు, కింద సగమైతే సర్వేయరుతో మాట్లాడండి" అనగలిగే మనిషి కావాలి. ఆ మనిషికి మీ రెండో పేజీలో వరుస లేదు.

ఇంకో కథ చెప్పకుండా ఉండలేను. వారిక్‌షైర్‌లో ఆస్టన్ కాంట్లో అనే ఊళ్లో ఒక దంపతులకు వారసత్వంగా వచ్చిన పొలంతో పాటు, మధ్యయుగాల నాటి చర్చి గర్భగుడి మరమ్మతు ఖర్చు కూడా వచ్చింది. 2003లో, అప్పట్లో ఇక్కడి అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్ దాకా వెళ్లి ఓడిపోయారు. అప్పటి నుంచి ఇళ్లు కొనేవాళ్లలో చాలామందికి ఛాన్సెల్ (అంటే ఆ గర్భగుడి) సెర్చ్ అని ఒక చిన్న ఖర్చు తగులుకుంది. నాన్నకు చెబితే మొదటిసారి ఇంగ్లండు మీద గౌరవం కలిగినట్టుంది. "దేవుడి మాన్యం జోలికి వెళితే అంతేరా ఎక్కడైనా" అన్నారు.

సరే, హై స్ట్రీట్‌లో బేకరీ పైన మెట్లెక్కి అసలు లోకల్ ఆఫీసుకే వెళ్లాను. వాళ్లను పొగడటానికి ఈ లేఖ రాయడం లేదు. మధ్యాహ్నం ఒంటి గంట నుంచి రెండింటి దాకా తలుపేస్తారు. ఈమెయిల్ పంపితే జవాబు పోస్టులో వస్తుంది. మీకన్నా రెట్టింపు ధర చెప్పారు, నక్షత్రం మాత్రం లేదు. అన్నిటికీ మించి, నాకు లోనిచ్చే బ్యాంకు ప్యానెల్లో (బ్యాంకు ఒప్పుకున్న వకీళ్ల జాబితాలో) తమ పేరుందో లేదో చూసి చెబుతామన్నారు. లేకపోతే బ్యాంకు వేరే వకీలును పెట్టుకుంటుంది, ఆ బిల్లు కూడా నాకే. ఆఫర్ పెట్టకముందే అడగాల్సిన ప్రశ్న ఇది, ఎవరూ చెప్పరు. అదృష్టం, పేరుంది.

అక్కడి పెద్దావిడ ఒక పని చేసింది. మేం కొనబోయే ఇంటి వెనక గది ఫొటో చూసి, "ఇది తర్వాత కట్టింది, బిల్డింగ్ కంట్రోల్ సర్టిఫికెట్ ఉందా?" అంది. అంటే నిబంధనల ప్రకారమే కట్టారని చెప్పే కాగితం. మీ ఆన్‌లైన్ కుర్రాడినీ ఇదే అడిగాను. ఇండెమ్నిటీ పాలసీ తీసుకుంటే సరిపోతుందన్నాడు. ఆ పాలసీ సొగసు మనవాళ్లకు చెప్పి తీరాలి. కాగితం లేదని కౌన్సిల్ వాళ్లు మన మీద పడితే వచ్చే నష్టానికి బీమా. షరతు ఏమిటంటే, కాగితం ఉందా అని మనం కౌన్సిల్‌ను అడగకూడదు. అడిగితే బీమా చెల్లదు. పైకప్పు గట్టిదా కాదా అన్నది పాలసీకి సంబంధం లేదు. అది వానకూ మనకూ మధ్య వ్యవహారం.

మా ఆఫీసులో గుంటూరు అమ్మాయి ఒకామె పోయినేడాది తమరి బంధువర్గంలోనే ఒకరిని పెట్టుకుంది. ఫైలు చూసే మనిషి మారినప్పుడల్లా "మీ కొత్త కేస్ హ్యాండ్లర్‌ను పరిచయం చేస్తున్నాం" అని నవ్వు ముఖంతో మెయిల్ వచ్చేది. పోర్టల్లో ఆమె ఫైలు రోజూ పసుపు రంగులోనే ఉండేది. ఫోన్ చేస్తే పాట వచ్చేది. ఇక్కడ కాంట్రాక్టులు మార్చుకునేదాకా ఎవరూ ఎవరికీ కట్టుబడి లేరు. మన దగ్గర అడ్వాన్సు పుచ్చుకుని అగ్రిమెంటు రాసుకున్నట్టు మొదటి రోజే ఏమీ ఉండదు. నెలల తరబడి ఆ పసుపు రంగు చూస్తూ ఉండగానే, ఎక్కువిచ్చేవాళ్లు దొరికి ఓనర్లు మనసు మార్చుకోవచ్చు. ఆమె విషయంలో అదే జరిగింది. ఆమె కోల్పోయిన సెర్చ్‌ల ఖర్చూ, సర్వే ఖర్చూ కలిపితే, తమరికీ హై స్ట్రీట్ ఆఫీసుకూ ఉన్న ధర తేడా తీరిపోయేది.

అందువల్ల తమరిని సగౌరవంగా తిరస్కరిస్తున్నాను. ఇకమీదట ఎవరి ఇన్‌బాక్సులోనైనా దిగేటప్పుడు నాలుగు వరుసలు కలుపుకోండి: ఫైలు చూసే మనిషి పేరు, ఆవిడ చేతిలో ఇప్పుడున్న ఫైళ్లెన్ని, ఆవిడ సెలవులో ఉంటే చూసేదెవరు, ఏజెంటుకు మీరిచ్చేదెంత. చివరి అంకెను మీ 399 ఉన్నంత లావుగానే వేయండి.

ఇట్లు,
రెండో పేజీ చదివిన కస్టమరు

తా.క. మీ ప్రతి మెయిల్ కిందా ఎర్ర అక్షరాల్లో "మా బ్యాంకు వివరాలు ఎప్పుడూ మారవు, మారాయని మెయిల్ వస్తే నమ్మకండి, ముందు ఫోన్ చేసి కనుక్కోండి" అని ఉంది. మెయిల్ హ్యాక్ చేసి ఇల్లు కొనేవాళ్ల డబ్బు కొట్టేసే దొంగలు నిజంగానే ఉన్నారు కాబట్టి మంచి మాటే. ఆ నంబరుకు ఒకసారి చేసి చూశాను. క్యూలో పద్నాలుగో మనిషినట.