ఇంటి రేటింగ్ యజమానిని కట్టడి చేయాలి

ఇల్లు అమ్మాలన్నా, అద్దెకివ్వాలన్నా దాని ఇంధన సామర్థ్య సర్టిఫికెట్ చూపించాలన్న నిబంధన ఐరోపాకు కొత్తది కాదు. డెన్మార్క్ ఆ పని 1997లోనే మొదలుపెట్టింది. 2002 నాటి ఐరోపా యూనియన్ ఆదేశం తర్వాత మిగతా సభ్యదేశాలూ అదే దారి పట్టాయి. ఆ సర్టిఫికెట్‌పై అత్యుత్తమమైన 'ఎ' నుంచి అధమమైన 'జి' వరకు ఉండే రేటింగ్ అక్షరం కేవలం సమాచారమా, లేక యజమాని తప్పక పాటించాల్సిన షరతా అన్నదే ఇప్పుడు తేలాల్సిన విషయం. నిస్సందేహంగా అది షరతే కావాలి. గోడలకూ కిటికీలకూ ఏం చేయించాలో నిర్ణయించేది యజమాని, నెలనెలా బిల్లు కట్టేది అద్దెదారు. ఇళ్లే దొరకని చోట 'ఎఫ్' అని ముందే తెలిసినా అద్దెదారు చేయగలిగిందేమీ లేదు.

రేటింగ్ ఇంటి నిర్మాణాన్ని బట్టి వేసే ఒక లెక్క మాత్రమేనని, అసలు బిల్లులతో అది సరిపోలదని యజమానుల సంఘాలు అంటాయి. అందులో కొంత నిజముంది. ఇంగ్లండ్‌లో గోడ లోపలి ఇన్సులేషన్ (వేడి బయటికి పోకుండా ఆపే పొర) కంటికి కనిపించక, దానికి రుజువు కాగితాలూ లేకపోతే, ఇల్లు కట్టిన కాలాన్ని బట్టి మదింపుదారు ఒక అంచనా రాసుకుంటారు. ఆ లోపాన్ని సరిదిద్దాల్సిందే.

అయితే బిల్లులనే కొలబద్దగా తీసుకోవాలన్న వాదన ప్రమాదకరం. జర్మనీలోని ఇళ్లను పరిశీలించిన పరిశోధకులకు వేడికి ఖర్చవుతున్న ఇంధనం రేటింగ్ కోసం లెక్కగట్టినదాని కన్నా సగటున సుమారు 30 శాతం తక్కువగా కనిపించింది. రేటింగ్ దిగజారిన కొద్దీ ఈ తేడా పెరిగింది. ఆ తేడాలో కొంత భాగం జనం ఓర్చుకుంటున్న చలే. ఒక్క గదిలోనే హీటర్ వేసుకుని కుటుంబమంతా అక్కడే సర్దుకుంటే, పడకగదిలో అలమారా వెనక గోడ చెమ్మగిల్లి నల్లగా బూజు పడితే, ఆ ఇంటి బిల్లు తక్కువే వస్తుంది. బిల్లు చూసి రేటింగ్ ఇస్తే ఆ కుటుంబం పడే అవస్థ యజమాని ఖాతాలో సామర్థ్యంగా జమ అవుతుంది! పాత ఇళ్లకు బిల్లుల ఆధారంగా రేటింగ్ ఇచ్చే పద్ధతిని ఫ్రాన్స్ 2021 జులైలో రద్దు చేసి మంచి పని చేసింది.

ప్రభుత్వాల ఖర్చుల తీరులోనూ గోడను వదిలి బిల్లునే చూసే ఇదే పొరపాటు ఉంది. 2022లో ధరలు మండిపోయినప్పుడు బ్రిటన్, ఫ్రాన్స్ భారీ ప్రజాధనంతో బిల్లుల భారాన్ని తగ్గించాయి. అప్పటికి ఆ సాయం అవసరమే. కానీ ఇన్సులేషన్ లేని ఇంట్లో ఆ డబ్బు ఒక్క శీతాకాలంలో గోడల గుండా బయటికి పోతుంది, మరుసటి ఏడు మళ్లీ అంతే ఇవ్వాలి. అదే డబ్బు గోడకు పెడితే దశాబ్దాలు నిలుస్తుంది.

ఇంగ్లండ్, వేల్స్‌లలో 2018 ఏప్రిల్ నుంచి కొత్త అద్దెలకు కనీసం 'ఇ' ఉండాలన్నారు. కానీ 3,500 పౌండ్లు దాటి ఖర్చు పెట్టక్కర్లేదన్న పరిమితితో పాటు మినహాయింపులూ ఇచ్చారు. ఫ్రాన్స్ 2022 ఆగస్టులోనే 'ఎఫ్', 'జి' ఇళ్ల అద్దె పెంపును ఆపింది, 2025 జనవరి నుంచి 'జి' ఇళ్లను కొత్తగా అద్దెకివ్వడాన్నే నిలిపివేసింది. 2028లో 'ఎఫ్' వంతు వస్తుంది. ఆ తేదీని వాయిదా వేయాలని ఎవరు ఒత్తిడి తెచ్చినా ఫ్రాన్స్ ప్రభుత్వం తలొగ్గకూడదు. ఇంగ్లండ్ కూడా ముందుగా అద్దె పెంపును రేటింగ్‌తో ముడిపెట్టాలి.