తల్లి కుక్క నెట్టేసిన పిల్ల: చేయి తగిలినందుకు కాదు

పిల్లలు పెట్టిన కుక్కను ఎలా చూసుకోవాలో చెప్పే సందేశం ఒకటి చాలాకాలంగా చేతులు మారుతూ వస్తోంది. దాని సారాంశం ఇది: పిల్లలను మనిషి ముట్టుకుంటే తల్లి వదిలేస్తుంది; అలా వదిలేసిన పిల్లకు ఆవుపాలు పడితే చాలు; తల్లికి కడుపుతో ఉన్నప్పటి నుంచే కాల్షియం ఇవ్వాలి; పాలిచ్చేటప్పుడు తిండి మితంగా పెట్టాలి; మిగిలినదంతా తల్లే చూసుకుంటుంది. పంచుకునేవారి ఉద్దేశం మంచిదే. అయినా ఈ మాటలు నమ్మి, బతకవలసిన పిల్లలను పోగొట్టుకుంటున్నవారు ఉన్నారు కాబట్టి వాటిని ఒక్కొక్కటిగా పరిశీలించక తప్పదు.

పెంపుడు కుక్క తనకు అలవాటైన మనిషి చేయి తగిలినంత మాత్రాన పిల్లలను వదిలిపెట్టదు. కొత్తవాళ్లు గుమిగూడి పిల్లలను ఒకరి చేతిలోంచి ఒకరు తీసుకుంటుంటే తల్లి బెదిరి వాటిని నోట కరచుకుని చోటు మార్చవచ్చు, మీదికి రావచ్చు. ఆ మేరకు జాగ్రత్త అవసరమే. కానీ తల్లి ఒక పిల్లను ముక్కుతో పక్కకు నెట్టడం చూడగానే "ఎవరో ముట్టుకున్నారు, అందుకే" అని తేల్చేసి ఊరుకోవడం పొరపాటు. ఆ పిల్లను చేతిలోకి తీసుకుని చూడండి. చిటికెన వేలు దాని నోట్లో పెడితే లోపల చల్లగా తగులుతుంది, చప్పరింపులో పట్టు ఉండదు, ఒళ్లు గుడ్డపేలికలా వాలిపోతుంది, సన్నని మూలుగు ఆగకుండా వినిపిస్తుంది. చాలాసార్లు అసలు కారణం చలి. చల్లబడి కదలిక తగ్గిన పిల్లను తల్లి దూరం పెట్టడం తరచుగా జరిగేదే.

మొదటి వారంలో పిల్లకు వణికి ఒళ్లు వెచ్చబరచుకునే శక్తి ఉండదు. ఆ రోజుల్లో దాని ఒంటి వేడి 35 నుంచి 37 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటుంది; అది పడిపోకుండా కాచేది తల్లి పొట్ట, తోబుట్టువుల ఒత్తిడి, పడుకున్న చోటి వెచ్చదనం. కాబట్టి ఆ వారమంతా పిల్లలుండే చోటు 29 నుంచి 32 డిగ్రీల మధ్య ఉండేలా చూడాలి. వేడి మాత్రం ఒక పక్కనుంచే అందాలి. లేకపోతే తల్లి తాళలేక లేచిపోతుంది, వేడెక్కిన పిల్లకు పాక్కుంటూ పక్కకు తప్పుకునే దారి ఉండదు.

నేను అన్నిటికన్నా ఎక్కువగా భయపడేది ఆవుపాల మాటకు. చల్లబడిన పిల్లలో పేగుల కదలిక మందగిస్తుంది, పోసిన పాలు అరగక కడుపు ఉబ్బుతుంది. మింగే బలం లేనందువల్ల అవే పాలు ఊపిరితిత్తుల్లోకి పోయి ప్రాణం తీస్తాయి. అందుకే ముందు పిల్లను గంట, రెండు గంటల పాటు మెల్లగా వెచ్చబరచాలి, ఆ తరువాతే పాలు. ఆ పాలు కూడా ఆవువి కాకూడదు. కుక్కపాలలో మాంసకృత్తులు, కొవ్వు ఆవుపాలలో కంటే రెండింతలకు పైగా ఉంటాయి, పాలలో ఉండే చక్కెర అయిన లాక్టోస్ మాత్రం తక్కువ; అందువల్ల ఆవుపాలు తాగిన పిల్లకు ఒకవైపు ఆకలి తీరదు, మరొకవైపు విరేచనాలు పట్టుకుంటాయి. కుక్కపిల్లల కోసమే తయారుచేసే పాలపొడిని గోరువెచ్చగా కలిపి, పిల్లను బోర్లా ఉంచి పట్టాలి. పసిబిడ్డను పడుకోబెట్టినట్టు వెల్లకిలా ఎన్నడూ పట్టకూడదు. అన్నిటికంటే ముందు, పుట్టిన 24 గంటల్లోపు ప్రతి పిల్లకూ తల్లి ముర్రుపాలు అందాలి. మాయ గుండా పిల్లకు చేరే రోగనిరోధక శక్తి చాలా కొద్ది; ఆ మొదటి రోజు దాటితే పేగులు దాన్ని పాలనుంచి గ్రహించలేవు.

పిల్లకు పాలు చాలుతున్నాయో లేదో చెప్పేది గ్రాములు చూపే చిన్న త్రాసు. మొదటి రోజు బరువు కాస్త తగ్గినా, ఆపైన పుట్టిన బరువులో 5 నుంచి 10 శాతం రోజూ పెరగాలి. అంటే 300 గ్రాముల పిల్ల రోజుకు 15 నుంచి 30 గ్రాములు. ముట్టుకోకూడదని కూర్చుంటే ఈ లెక్క ఎవరికి తెలుస్తుంది?

కాల్షియం విషయంలో సందేశం చెప్పిందానికి పూర్తిగా వ్యతిరేకమైనదే నిజం. కడుపుతో ఉన్నప్పుడు అదనంగా కాల్షియం ఇస్తూపోతే, ఎముకలనుంచి దాన్ని రక్తంలోకి రప్పించే పారాథైరాయిడ్ గ్రంథుల పని మందగిస్తుంది. తీరా పాలకోసం ఒక్కసారిగా కాల్షియం కావలసి వచ్చినప్పుడు శరీరం అందించలేక, రక్తంలో కాల్షియం పడిపోయే ఎక్లాంప్సియా అనే జబ్బు వస్తుంది. పిల్లలు పుట్టిన మొదటి నాలుగు వారాల్లో, ముఖ్యంగా ఎక్కువ పిల్లలను పెట్టిన చిన్న జాతి కుక్కల్లో ఇది కనిపిస్తుంది. తల్లి కుదురుగా ఉండదు, రొప్పుతుంది, కాళ్లు బిగుసుకుని కర్రల్లా నడుస్తుంది, కండరాలు అదురుతాయి, తరువాత మూర్ఛ వస్తుంది. అది మాత్రలతో ఇంట్లో తీరేది కాదు. పిల్లలను పాలు తాగకుండా వేరుచేసి, ఆలస్యం చేయకుండా పశువైద్యుడి దగ్గరికి తీసుకువెళ్లాలి. అక్కడ గుండె కొట్టుకోవడాన్ని గమనిస్తూ నరంలోకి కాల్షియం మెల్లగా ఎక్కిస్తారు.

తిండి తగ్గించమనడానికి ఆధారమే లేదు. మూడు నుంచి ఐదో వారం మధ్య, పాలు ఎక్కువగా ఇచ్చే దశలో, తల్లికి మామూలుకంటే రెండు నుంచి నాలుగింతల ఆహారం కావాలి. అందుకే ఎదిగే కుక్కపిల్లల కోసం చేసిన బలమైన మేతనే తల్లికీ పెడతారు. నీళ్లు ఎప్పుడూ అందుబాటులో ఉండాలి.

మిగిలినదంతా తల్లే చూసుకుంటుందన్న చివరి మాటలో సగం నిజముంది. మూడు వారాల వయసు వరకు పిల్లలు తమంతట తాము మూత్ర విసర్జన, మల విసర్జన చేయలేవు; తల్లి నాకినప్పుడే అవి జరుగుతాయి. తల్లి లేని పిల్లకు గోరువెచ్చని నీటిలో తడిపిన దూదితో తుడిచి ఆ పని మనం చేయాలి. కానీ తన చన్ను ఎర్రబడి, గట్టిపడి, ముట్టుకుంటే వేడిగా ఉంటే, లేదా కాన్పు తరువాత గర్భాశయం నుంచి వచ్చే స్రావం దుర్వాసన కొడితే, వైద్యం కావాలని తల్లి ఎవరికి చెప్పగలదు? నులిపురుగుల సంగతీ అంతే. అవి తల్లి కడుపులో ఉండగానే పిల్లలకు సోకుతాయి, పాలద్వారా కూడా చేరుతాయి. అందుకే రెండు వారాల వయసులో మొదలుపెట్టి, ఎనిమిది వారాలు వచ్చేవరకు రెండు వారాలకొకసారి, బరువును బట్టి పశువైద్యుడు చెప్పిన మోతాదులో పిల్లలకు మందు పట్టాలి. పిల్లలకు పట్టిన రోజే తల్లికీ వేయాలి.