పోప్ రిమోట్ నొక్కితే ఇక్కడ ఓట్లు పడతాయంట! ఆ ఫార్వర్డ్‌కి నా సమాధానం

వాట్సాప్‌లో తిరుగుతున్న ఆ ఫార్వర్డ్ మీకూ వచ్చే ఉంటుంది, నాకైతే స్కూల్ ఫ్రెండ్స్ గ్రూపులో వచ్చింది, అపార్ట్‌మెంట్ గ్రూపులో వచ్చింది, చివరికి మా బంధువుల గ్రూపులో కూడా ఎవరో పెట్టి "ఇది నిజమేనా" అని అడిగారు. అందులో ఉన్నది టూకీగా ఇదీ: పోప్ తప్పు చెయ్యడని క్యాథలిక్కుల నమ్మకం కాబట్టి ఆయన ఏం చెప్తే అదే చేస్తారు, ఆదివారం పూజలో ఫాదర్ ఎవరికి వెయ్యమంటే వాళ్ళకే గుత్తగా ఓట్లు పడతాయి, వాటికన్ వేరే దేశం కాబట్టి వీళ్ళ భక్తంతా అటే, డబ్బులు అక్కడి నుంచే వస్తాయి, ఆ డబ్బుతో బియ్యం మూటలిచ్చి మతం మారుస్తారు, మారాక కూడా ఎస్సీ రిజర్వేషన్ వదలరు.

మాది తాతల నాటి నుంచి ఆర్‌సీఎం (రోమన్ క్యాథలిక్) కుటుంబం. చర్చి మీద విమర్శలు చెయ్యమంటే నా దగ్గరే బోలెడున్నాయి, పిల్లల మీద అఘాయిత్యాలు చేసిన గురువుల్ని (అంటే ఫాదర్లని) ఒక విచారణ (పారిష్) నుంచి ఇంకో విచారణకి మార్చి దాచేసిన వ్యవహారం 2002లో బోస్టన్‌లో బయటపడ్డాక ఏ క్యాథలిక్కూ తలెత్తుకుని మాట్లాడలేని పరిస్థితి వచ్చింది, అది నిజం, దాని గురించి ఎవరు ఎంత తిట్టినా పడాల్సిందే. కానీ ఈ ఫార్వర్డ్‌లో అది లేదు. ఉన్నవన్నీ గాలి మాటలు.

మొదటిది, "పోప్ తప్పు చెయ్యడని నమ్ముతారు". అబ్బే. పోప్ కూడా పాపసంకీర్తనం చేస్తాడు బాబూ, వేరే గురువు ముందు మోకరిల్లి తన పాపాలు చెప్పుకుంటాడు. 1870లో మొదటి వాటికన్ మహాసభ పెట్టిన సిద్ధాంతం ఏంటంటే, విశ్వాసం గురించో నీతి గురించో సర్వసభ (ప్రపంచంలోని క్యాథలిక్ చర్చి) మొత్తానికీ ఇదే ఆఖరి మాట అని ప్రత్యేకంగా ప్రకటించినప్పుడు మాత్రమే అందులో పొరపాటు ఉండదు అని. మరి 1870 తర్వాత ఆ అధికారం అలా ఎన్నిసార్లు వాడారు? ఒక్కసారి. 1950 నవంబర్ 1న పన్నెండో పయస్ పోప్ గారు మరియమాత మోక్షారోపణం (శరీరంతో సహా మోక్షానికి చేరడం) గురించి ప్రకటించినప్పుడు. ఆ పండగే మనం ఆగస్టు 15న చేసుకునేది, పొద్దున పూజ అవ్వగానే చర్చి ఆవరణలోనే జెండా ఎగరేసి పిల్లలకి చాక్లెట్లు పంచేది. ఫలానా పార్టీకి ఓటెయ్యండి, ఫలానా బిల్లు మంచిది అనే మాటలు ఈ లెక్కలోకి రానే రావు.

రెండోది అసలు పాయింటు, "ఏం చెప్తే అది చేస్తారు". ఇది చదివి మా ఫాదర్ గారు నవ్వలేక ఏడవలేక చస్తారు. వినరనేదే కదండీ వాళ్ళ బాధ!

1968లో ఆరో పాల్ పోప్ గారు కృత్రిమ గర్భనిరోధం తప్పు అని లేఖ రాశారు, ఇవాళ్టికీ చర్చి బోధ అదే. మన ఆంధ్రలో చూడండి, పెళ్ళైన ఆడవాళ్ళలో మూడింట రెండొంతులకి పైగా కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్న వాళ్ళే అని ప్రభుత్వ సర్వేనే చెప్తుంది, అందులో ఆర్‌సీఎం వాళ్ళు లేరనుకుంటున్నారా, ఇద్దరు పిల్లలు పుట్టగానే ఆపరేషన్ చేయించుకుని మళ్ళీ ఆదివారం పూజకొచ్చి ముందు వరసలో కూర్చునే వాళ్ళు మా ఊళ్ళోనే కోకొల్లలు. ఐర్లాండ్ సంగతి ఇంకా విచిత్రం, 2011 లెక్కల్లో 84 శాతం మంది క్యాథలిక్కులమని రాయించుకున్న దేశం అది, 2015 రెఫరెండంలో 62 శాతం మంది స్వలింగ వివాహానికి ఓటేశారు, 2018లో అబార్షన్ నిషేధం ఎత్తెయ్యమని 66 శాతం. ఈ రెండింటినీ అక్కడి మేత్రాణులు (బిషప్‌లు) ఒప్పుకోలేదు. 2003లో ఇరాక్ మీద యుద్ధం వద్దని రెండో జాన్ పాల్ గారు బతిమాలారు, తన దూతగా ఒక కార్డినల్‌ని నేరుగా బుష్ దగ్గరికి పంపారు. ఆగిందా?

అక్కడెక్కడో ఎందుకు, పక్కనే కేరళ చూద్దాం. ఎర్నాకుళం అంగమాలి అతిమేత్రాసనంలో (ఆర్చ్‌బిషప్ కింద ఉండే ప్రాంతం) పూజ జరిగేటప్పుడు గురువు జనం వైపు తిరగాలా బలిపీఠం వైపు తిరగాలా అనే దాని మీద ఏళ్ళ తరబడి గొడవ. సీరో మలబార్ (కేరళలోని ఒక క్యాథలిక్ శాఖ) మేత్రాణుల సభ, అంటే సినడ్, 2021లో ఒక పద్ధతి ఖాయం చేసింది, అక్కడి గురువుల్లో చాలామంది మేం చెయ్యం అన్నారు, 2022 చివర్లో పెద్ద బసిలికాకే తాళం పడింది. చివరికి పోప్ ఫ్రాన్సిస్ 2023 డిసెంబర్లో స్వయంగా వీడియో మెసేజ్ పంపి ఈ క్రిస్మస్‌కైనా ఒప్పుకోండయ్యా అని అడిగారు. అయినా గొడవ తెగలేదు, ఇంకా ఏడాదిన్నర లాగి మధ్యేమార్గం వెతుక్కోవాల్సి వచ్చింది. గమనించండి, వీళ్ళు మామూలు జనం కూడా కాదు, అభిషేకం పొందిన ఫాదర్లు, అడిగింది ఓటు కూడా కాదు, పూజలో ఎటు తిరగాలో అంతే. ఆ మాత్రం దానికే పోప్ మాట సాగలేదు, ఇక రిమోట్ ఎక్కడుందో ఆ ఫార్వర్డ్ రాసినాయనే చూపించాలి.

పైన ఉన్న మేత్రాణులైనా అంతే. 2023 డిసెంబర్లో స్వలింగ జంటల్ని గురువులు దీవించవచ్చు (పెళ్ళి మాత్రం కాదు) అని వాటికన్ ఒక డాక్యుమెంట్ ఇస్తే, నెల తిరక్కుండానే ఆఫ్రికా మేత్రాణులు మా దగ్గర ఇది కుదరదని రాసి పంపించారు.

ఓట్ల సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే ఇందులో కొంచెం నిజం ఉంది, దాచడం నాకిష్టం లేదు. 1959లో కేరళలో ఈఎంఎస్ నంబూద్రిపాద్ కమ్యూనిస్టు ప్రభుత్వం మీద జరిగిన విమోచన సమరంలో చర్చి ముందుండి నడిచింది, స్కూళ్ళ బిల్లు మీద కోపంతో, నాయర్ సంఘంతో కలిసి, ఆ జులై 31న కేంద్రం ప్రభుత్వాన్ని రద్దు చేసేదాకా. అది రాజకీయమే. కానీ ఇవాళ్టి లెక్క చూడండి. 2025 మార్చి చివర్లో కేరళ క్యాథలిక్ మేత్రాణుల మండలి, మునంబం భూముల సమస్య (అక్కడి క్రైస్తవ కుటుంబాల భూములు తనవని వక్ఫ్ బోర్డు అనడం) దృష్ట్యా వక్ఫ్ చట్టం మార్పుకి మద్దతివ్వమని తమ రాష్ట్ర ఎంపీల్ని బహిరంగంగా అడిగింది. కొద్ది రోజులకే లోక్‌సభలో ఓటింగ్. కేరళ నుంచి గెలిచిన కాంగ్రెస్ వాళ్ళు, లెఫ్ట్ వాళ్ళు వ్యతిరేకంగానే నిలబడ్డారు, వాళ్ళలో క్యాథలిక్ ఎంపీలు కూడా ఉన్నారు! ఇక్కడ ఇంకో తమాషా ఉంది, మేత్రాణులు ఆ రోజు అడిగింది బీజేపీ తెచ్చిన బిల్లుకి మద్దతు, మరి ఈ ఫార్వర్డ్ పంపే వాళ్ళు దాన్ని ఏ ఖాతాలో రాసుకుంటారో.

అమెరికాలో అయితే ఈ గందరగోళం ఇంకా బాగా కనిపిస్తుంది. 2022లో అబార్షన్ హక్కుని కొట్టేసిన సుప్రీంకోర్టు తీర్పు రాసిన జడ్జి అలిటో క్యాథలిక్కే, దానికి అడ్డం తిరిగిన జడ్జి సొటొమయోర్ కూడా క్యాథలిక్ కుటుంబంలో పెరిగినావిడే. మన తెలుగు వాళ్ళు ఆంధ్రా అల్లుడు అని మురిసిపోయే జేడీ వాన్స్ 2019లో క్యాథలిక్‌గా మారాడు, ముందు సొంత కుటుంబం, తర్వాత ఇరుగుపొరుగు, ఆ తర్వాతే బయటివాళ్ళు అని పాత క్రైస్తవ సిద్ధాంతం ఒకటి తీసి వలసల మీద తన ప్రభుత్వ విధానాన్ని సమర్థించుకున్నాడు, 2025 ఫిబ్రవరిలో పోప్ ఫ్రాన్సిస్ అమెరికా మేత్రాణులకి రాసిన లేఖలో అది అలా కాదు, మంచి సమరయుడి కథ (దారిలో దెబ్బతిని పడున్న పరాయివాణ్ణి ఆదుకున్న మనిషి గురించి యేసు చెప్పింది) చదవండి అని చెప్పారు. వాన్స్ మారలేదు. పోప్ మారలేదు. ఆ లేఖ వెళ్ళిన దేశంలోంచే మే 8న కొత్త పోప్ కూడా వచ్చారు, లియో 14. చర్చి బోధ ఏ పార్టీ చొక్కాలోనూ పట్టదు, అబార్షన్ వద్దంటుంది, మరణశిక్షా వద్దంటుంది, వలసొచ్చిన వాణ్ణి ఆదరించమంటుంది, కూలీకి న్యాయమైన జీతం ఇవ్వమని 1891 నుంచే చెప్తుంది. ప్రతి పార్టీవాడూ అందులో తనకి నచ్చింది తీసుకుని మిగతాది పక్కన పడేస్తాడు, మన వాళ్ళూ అంతే.

ఇంకో మాట, గురువులు అధికార పదవుల్లో ఉండకూడదని చర్చి చట్టంలోనే ఉంది. అమెరికా కాంగ్రెస్‌లో పదేళ్ళు సభ్యుడిగా ఉన్న డ్రైనన్ అనే జెస్విట్ ఫాదర్‌ని 1980లో మళ్ళీ పోటీ చెయ్యొద్దని ఆపింది వాటికనే.

"వాటికన్ వేరే దేశం". అవును, దేశమే, 1929 ఒప్పందంతో ఏర్పడింది, మొత్తం 44 హెక్టార్లు అంటే సుమారు 109 ఎకరాలు, మన దగ్గర కొన్ని ఇంజినీరింగ్ కాలేజీలు దీనికంటే పెద్దవి. అక్కడి పౌరసత్వం ఉద్యోగాన్ని బట్టి వస్తుంది, బాప్తిస్మం తీసుకుంటే రాదు, మొత్తం పౌరులు వెయ్యి మంది కూడా ఉండరు. నా పాస్‌పోర్ట్ మీద సింహాలే ఉన్నాయి. భారతదేశానికి వాటికన్‌తో 1948 నుంచి దౌత్య సంబంధాలున్నాయి, మోదీ గారు 2021 అక్టోబర్లో వెళ్ళి పోప్‌ని కౌగిలించుకుని ఇండియా రమ్మని పిలిచారు, 2025 ఏప్రిల్లో పోప్ ఫ్రాన్సిస్ చనిపోతే మన ప్రభుత్వం మూడు రోజులు సంతాప దినాలు ప్రకటించింది, రాష్ట్రపతి ముర్ము గారు అంత్యక్రియలకి వెళ్ళారు. పోప్‌ని గౌరవిస్తే దేశద్రోహం అయ్యే పనైతే లిస్టు చాలా పైనుంచి మొదలుపెట్టాలి.

డబ్బుల గురించి ఎక్కువ చెప్పను. విదేశీ విరాళం ఏ సంస్థకి రావాలన్నా 2020 సవరణ తర్వాత ఢిల్లీ స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచ్ ఖాతాలోకే రావాలి, అక్కడి నుంచే కదలాలి, అంటే ప్రతి రూపాయీ హోంశాఖ కళ్ళ ముందే. అటు పోయే డబ్బు సంగతి మాత్రం ఫార్వర్డ్ రాసినాయనకి తెలిసినట్టు లేదు, జూన్ చివర్లో పీటర్స్ పెన్స్ అనీ, అక్టోబర్లో మిషన్ ఆదివారం అనీ పళ్ళెం తిప్పి మన దగ్గర పోగుచేసిన కానుకలు రోమ్‌కి వెళ్తాయి.

"బియ్యం మూట ఇచ్చి మారుస్తారు" అనేదానికి ఒక చిన్న విషయం. ఆర్‌సీఎంలో పెద్దవాళ్ళు బాప్తిస్మం అడిగితే వెంటనే ఇవ్వరు, నెలల తరబడి జ్ఞానోపదేశానికి రావాలి, ఉపదేశి గారు విసిగించి చంపుతారు. బలవంతంగా మార్చడం తప్పని 1965లో రెండో వాటికన్ మహాసభే మత స్వేచ్ఛ మీద డిక్లరేషన్ ఇచ్చింది, అదే ఏడాది ఇంకో పత్రంలో హిందూ మతం పేరు పెట్టి మరీ అందులోని సత్యమైన, పవిత్రమైన దేన్నీ చర్చి తిరస్కరించదని రాసింది. యూట్యూబ్‌లో ఎవరో పాస్టర్ గారు విగ్రహాల్ని తిట్టిన వీడియో తెచ్చి "చూడండి వాటికన్ కుట్ర" అంటారు, ఆ పాస్టర్ గారిని అడిగి చూడండి, మరియమాత బొమ్మ పెట్టుకున్నందుకు మమ్మల్ని కూడా విగ్రహారాధకులనే తిడతాడు. గుణదల కొండకి ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో వెళ్ళండి, తలనీలాలు ఇచ్చేవాళ్ళు, కొబ్బరికాయ కొట్టేవాళ్ళు, బొట్టు పెట్టుకున్న అమ్మలు బారులు తీరి ఉంటారు, వాళ్ళెవర్నీ ఎవరూ మారమని అడగరు.

చివరిది ఎస్సీ రిజర్వేషన్. ఇక్కడ ఫార్వర్డ్ చట్టాన్నే తలకిందులు చేసింది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువులకే ఎస్సీ హోదా, 1956లో సిక్కుల్ని కలిపారు, 1990లో బౌద్ధుల్ని కలిపారు, క్రైస్తవుడైన దళితుడికి ఇవాళ్టికీ లేదు, మన రెండు రాష్ట్రాల్లో అతను బీసీ సీలోకి వస్తాడు, అక్కడున్నది 1 శాతం. సర్టిఫికెట్‌లో ఒకటి, ఆదివారం ఒకటి అయిన వాళ్ళు లేరా అంటే ఉన్నారు, అందుకే జనాభా లెక్కల్లో మన క్రైస్తవుల సంఖ్యని ఎవరూ పూర్తిగా నమ్మరు. అది తప్పా అంటే చట్టం ప్రకారం తప్పే. కానీ మాలపల్లెలో పుట్టినోడికి బాప్తిస్మం తీసుకున్న మర్నాడు ఊళ్ళో కులం పోతుందా? రిజర్వేషన్ పోతుంది, కులం పోదు. చర్చిలో కూడా పోలేదు, ఆ మాట నేననేది కాదు, అంటరానితనం మా లోపలే ఉందని 2016లో భారత క్యాథలిక్ మేత్రాణుల సమాఖ్యే దళితుల గురించి చేసిన తన విధాన పత్రంలో ఒప్పుకుంది. కర్నూలు జిల్లా నుంచి వచ్చిన పూల ఆంతోని గారు, హైదరాబాద్ అగ్రపీఠాధిపతి (ఆర్చ్‌బిషప్), 2022లో కార్డినల్ అయితే "మొట్టమొదటి దళిత కార్డినల్" అని రాశారు, 2025లో పోప్‌ని ఎన్నుకున్న నలుగురు భారతీయుల్లో ఆయనొకరు. మొట్టమొదటి అనే మాట 2022 దాకా ఆగాల్సి వచ్చిందంటే సిగ్గుపడాల్సింది మేమే, దాని గురించి చర్చిని నిలదియ్యండి, నేనూ మీ పక్కనే నిలబడతా. అంతేగానీ లేని రిజర్వేషన్ తిన్నాడని ఆ పేదోడి మీద పడకండి.