వరద నీరు ఎవరి చేలోకి?

2022 సెప్టెంబరు 4న పాకిస్తాన్‌లోని సింధ్ రాష్ట్రంలో అధికారులు మంచర్ సరస్సు గట్టును కావాలనే తెగ్గొట్టారు. అప్పటికే సరస్సు నిండుకుండలా ఉంది. ఇంకాస్త నీరొస్తే గట్టు తనంతట తనే తెగి సెహ్వాన్, భాన్ సయీదాబాద్ పట్టణాలు మునిగిపోయేలా ఉన్నాయి. అందుకని నీటిని లక్షమంది దాకా బతికే పల్లెల మీదికి వదిలారు. తలల లెక్కన చూస్తే ఆ నిర్ణయాన్ని తప్పుపట్టడం కష్టమే. కానీ పల్లెలవాళ్ల చేతికి అందింది ఏమిటి? ఊరు ఖాళీ చేయమన్న హెచ్చరిక.

నీరు పల్లమెరుగు అంటాం. ఇప్పుడు ఆ పల్లం ఎక్కడుండాలో చాలావరకు మనిషే తేలుస్తున్నాడు. రోడ్డు ఎత్తు పెంచినప్పుడు, వాగు పూడ్చి ప్లాట్లు వేసినప్పుడు, ఏటికి కరకట్ట కట్టినప్పుడు, వచ్చే వరద ఎవరి చేలో నిలవాలో కూడా పనిలో పనిగా తేలిపోతుంది. ఒక ప్రాంతం తిండికి ఇబ్బంది పడుతుందా లేదా అన్నది కురిసే వాన కంటే ఎక్కువగా ఈ పాత నిర్ణయాల మీదే ఆధారపడి ఉందని నా అభిప్రాయం.

వరద వచ్చిన మర్నాడు వార్తల్లో కనిపించే అంకె ఒక్కటే: ఇన్ని లక్షల ఎకరాలు మునిగాయి. పత్రికలవాళ్లం మాకూ ఆ అంకె అలవాటైపోయింది. కానీ పంటకు ఎకరాలతో పని లేదు, రోజులతో పని. మునిగిన వరి మడినే తీసుకోండి. మొదటి రెండు మూడు రోజులు మొక్క ఊపిరి బిగబట్టుకున్నట్టు ఉంటుంది. ఆ తర్వాత ఆకుల్ని నీటిపైకి తేవాలని కాండాన్ని సాగదీస్తుంది. అందుకు ఒంట్లో దాచుకున్న పిండిపదార్థాన్ని ఖర్చు పెడుతుంది. నీళ్లు బురదగా ఉంటే వెలుతురు అందదు, వెచ్చగా ఉంటే ఆక్సిజన్ తగ్గుతుంది. వారం పది రోజులకు నీరు దిగేసరికి సాగిన కాండం నిలబడలేక బురదలో చాపలా పడిపోతుంది. ఒడిశా నాటు రకం ఒకదానిలో ఉన్న జన్యువును శాస్త్రవేత్తలు 2006లో గుర్తించారు. అది మొక్కను సాగనివ్వదు, దాచుకున్నదాన్ని పొదుపు చేయిస్తుంది. దాన్ని స్వర్ణ అనే వరి రకంలోకి తెచ్చి 2009లో స్వర్ణ సబ్-1 విడుదల చేశారు. సుమారు రెండు వారాల ముంపును అది తట్టుకుంటుంది. గొప్ప సంగతే. అయితే పూత మీద మునిగితే ఆ జన్యువు ఆదుకోలేదు. నీరు నెలరోజులు కదలకపోతే ఏ రకమైనా ఒకటే.

సింధ్‌లో జరిగింది అదే. అక్కడి నేల బల్లపరుపు. పాతకాలపు వాగులు ఎక్కడికక్కడ ఆక్రమణలకు గురయ్యాయి. కాలువ గట్లు, రోడ్లు, రైలు కట్టలు అడ్డంగా లేచాయి. నీరు లోపలికి రావడం సులువు, బయటికి పోవడమే కష్టం. ఖరీఫ్ పత్తి, కూరగాయలు పోయాయి సరే, అక్టోబరు నవంబరులో గోధుమ విత్తాల్సిన వేళకు కూడా చాలా పొలాలు చెరువుల్లానే ఉన్నాయి. ఒక వరద రెండు పంటల్ని తినేసిందన్నమాట. గాదెల్లో విత్తనం తడిసింది, దేశం మొత్తం మీద పది లక్షలకు పైగా పశువులు చనిపోయాయి. ఉల్లి, టమాటా ధరలు మండిపోతే ప్రభుత్వం ఇరాన్, అఫ్గానిస్తాన్ నుంచి తెప్పించుకుంది. మురుగు కాలువ మూసుకుపోవడానికీ కూరగాయల బండి మీది ధరకూ ఇంత దగ్గరి చుట్టరికం ఉందని మామూలు రోజుల్లో మనకు తట్టదు.

రోజులే కాదు, తేదీ కూడా ముఖ్యమే. బంగ్లాదేశ్ ఈశాన్యంలో హావోర్లు అనే పెద్ద పల్లపు నేలలు ఏటా నెలల తరబడి సముద్రంలా ఉంటాయి. దాన్నెవరూ విపత్తు అనరు. నీరు తీశాక బోరో వరి వేసి, మళ్లీ నీరు రాకముందే కోసుకుంటారు. అక్కడ చాలామందికి ఏడాది మొత్తానికి ఆ ఒక్క పంటే దిక్కు. 2017లో ఆ నీరు మార్చి చివర్లోనే వచ్చేసింది. నోటికాడి కూడు కొట్టుకుపోయింది. దేశం బియ్యం దిగుమతి సుంకాన్ని 28 శాతం నుంచి ముందు 10కి, తర్వాత 2కి దించాల్సి వచ్చింది. ఎప్పుడూ వచ్చే నీరే, కొన్ని వారాలు ముందొచ్చినందుకు ఇంత రభస.

గింజ ఉన్నంత మాత్రాన తిండి ఉన్నట్టు కాదన్న సంగతి కూడా ఆ దేశమే చూపించింది. 1974 వరదల తర్వాత అక్కడ కరువు వచ్చి జనం ఆకలితో చనిపోయారు. అమర్త్యసేన్ లెక్కలు తీస్తే తలసరి ధాన్యం లభ్యత ఆ ఏడాది చుట్టుపక్కల సంవత్సరాల కంటే ఎక్కువే ఉంది. వరదకు దెబ్బతిన్న పంట కోతకు రావాల్సిన నెలలకు ముందే చావులు మొదలయ్యాయి. పోయింది కూలి. నాట్లు లేవు, కోతలు లేవు, పని లేదు. ధర మాత్రం పెరుగుతోంది. వరద నష్టపరిహారాన్ని పట్టాదారు పాసుపుస్తకం చూసి పంచే పద్ధతి మీద నాకున్న అభ్యంతరం ఇదే. పొలం లేని మనిషి నష్టం ఏ పుస్తకంలోనూ కనిపించదు.

మరి గట్లు ఎత్తు పెంచుకుంటే సరిపోదా? వియత్నాంలోని మెకాంగ్ డెల్టా ఈ పని మనస్ఫూర్తిగా చేసి చూసింది. అంతకుముందు అక్కడ చాలాచోట్ల పొట్టి గట్లుండేవి. ఆగస్టు దాకా నీటిని ఆపి, రెండో పంట కోతయ్యాక వరదను చేలోకి రానిచ్చేవి. తర్వాత ఆన్ జాంగ్, డాంగ్ థాప్ ప్రాంతాల్లో ఎత్తైన గట్లు లేచాయి. మూడో పంట వచ్చింది. టన్నుల లెక్కలో చూస్తే ఘనవిజయం. కానీ వరదతోపాటు వచ్చే ఒండ్రు ఆగిపోయింది, చేలో దొరికే చేప ఆగిపోయింది. పైన నదిపై కట్టిన డ్యాముల వల్ల ఒండ్రు ముందే తగ్గుతుంటే, ఉన్న కాస్తనూ గట్టు అడ్డుకుంది. నేలకు ఏటా ఉచితంగా అందేదాన్ని రైతు ఎరువుల కొట్లో కొనుక్కోవాల్సి వచ్చింది. పొలాల్లో పరుచుకునే నీరు ఎటో ఒకవైపు పోవాలి కదా, దిగువకు పోయింది. చివరికి 2017లో వియత్నాం ప్రభుత్వమే 120వ తీర్మానం చేసి, వరి టన్నుల వెంట పరుగు తగ్గించి ప్రకృతికి తగ్గట్టు సాగు మార్చుకోవాలని చెప్పింది.

బంగ్లాదేశ్ తీరంలో ఇంకో విచిత్రం. 1960ల్లో ఉప్పునీటిని ఆపడానికి కట్టిన కట్టల వల్ల, లోపలికి రావాల్సిన ఒండ్రు బయట నది అడుగున మేట వేసింది. నది పైకి లేచింది, పొలం కిందికి దిగింది. వాన నీరు బయటికి పోయే దారిలేక ఏళ్ల తరబడి నిలిచిపోయింది. 1990లో బీల్ డాకాతియా దగ్గర జనమే పలుగూ పారా పట్టుకుని కట్ట తెంచుకున్నారు. మంచర్‌లో ప్రభుత్వం తెంచింది, ఇక్కడ రైతులు తెంచారు. రెండుచోట్లా గట్టు దగ్గరే తేలింది వ్యవహారం.

నగరాల సంగతి వేరే చెప్పాలా? నగరాలు మొదట వెలిసిందే నదీతీరాల్లో, మంచి నేలల పక్కన. అవి పెరిగితే ముందు పోయేదీ ఆ నేలే. 2030 నాటికి నగరాల విస్తరణ ప్రపంచ సాగుభూమిలో సుమారు 2 శాతాన్ని మింగుతుందని 2017లో వెలువడిన ఒక అధ్యయనం అంచనా వేసింది. రెండు శాతమేగా అనిపిస్తుంది. కానీ పోయే నేల సగటు సాగుభూమి కంటే 1.77 రెట్లు ఎక్కువ పండేదని అదే అధ్యయనం చెప్పింది. పైగా సిమెంటు నీళ్లు తాగదు. ఒకప్పటి చేను తాగాల్సిన నీటిని అది పక్క చేను మీదికి నెడుతుంది. సారవంతమైన పొలం వెంచర్ అయినప్పుడు మనం కోల్పోయేది పంటనొక్కదాన్నే కాదు, నీరు నిలిచే చోటును కూడా.

కాబట్టి నీటికి చోటు ముందే కేటాయించి, అక్కడ సాగు చేసేవాడితో కాగితం మీద ఒప్పందం చేసుకోవడం తప్ప నాకు వేరే దారి కనిపించడం లేదు. ఇదేం కొత్త ఆలోచన కాదు. మిసిసిపీ నది 1927లో చేసిన విధ్వంసం తర్వాత అమెరికా 1928లో చట్టం చేసి, మిస్సోరీ రాష్ట్రంలోని బర్డ్స్ పాయింట్ దగ్గర పొలాల మీదికి నీరు వదిలే హక్కును భూస్వాముల నుంచి డబ్బిచ్చి కొనుక్కుంది. 2011 మే 2న సైన్యపు ఇంజనీర్లు కట్టను పేల్చి ఇల్లినాయిస్ రాష్ట్రంలోని కైరో పట్టణాన్ని కాపాడారు. సుమారు 1,30,000 ఎకరాలు మునిగాయి. అప్పుడూ గొడవలు, కోర్టు కేసులు అయ్యాయి. మిస్సోరీ రాష్ట్రం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. కానీ వాదన హక్కుల మీద నడిచింది, బతిమాలుకోవడం మీద కాదు. నీరు దిగాక అదే ఏడాది చాలా పొలాల్లో సోయాబీన్ వేశారు. కాలిఫోర్నియాలో శాక్రమెంటో పక్కన 59,000 ఎకరాల యోలో బైపాస్‌ది ఇంకా సాఫీ వ్యవహారం: వేసవిలో వరి, టమాటా, చలికాలపు వరదల్లో నది నీరు. నేల ఒకటే, కాపురాలు రెండు.

అక్కడ భూమి విశాలం, కమతాలు పెద్దవి, ఇక్కడ కుదరదు అనేవాళ్లుంటారు. అది నిజమైన ఇబ్బందే. నెదర్లాండ్స్‌లో అంత భూమి లేదు. 1995 వరద భయానికి రెండున్నర లక్షలమందిని ఖాళీ చేయించిన తర్వాత ఆ దేశం కట్టలు పెంచడం మాత్రమే కాక, నదికి చోటిచ్చే పథకం చేపట్టింది. ఓవర్‌డీప్ అనే పల్లపు భూమిలో రైతులే ఒక ప్లాన్ తెచ్చారు: నది వైపు కట్ట ఎత్తు తగ్గించండి, నీరు రానివ్వండి, మా ఇళ్లూ పశువుల కొట్టాలూ పెద్ద మట్టి దిబ్బల మీద కట్టించండి అని. అలాగే కట్టారు. నది ఎప్పుడైనా పొంగితే పాడి ఆవులు దిబ్బ మీద ఉంటాయి, చుట్టూ గడ్డిభూమి మీద నీళ్లుంటాయి. కాకపోతే అంతకుముందు అక్కడున్న 17 కుటుంబాలకూ దిబ్బల మీద చోటు చాలలేదు. దాదాపు సగంమంది పరిహారం తీసుకుని వేరే చోటికి తరలిపోయారు.