బిళ్ల మారింది, బండి మారలేదు

పార్కింగులో పక్కపక్కనే రెండు కార్లు. ఒకటి మారుతి వాళ్ల బాలెనో, ఇంకొకటి టయోటా వాళ్ల గ్లాంజా. అవే తలుపులు, అవే కిటికీలు, అదే పైకప్పు. ముందుకు వెళ్లి మూతి చూస్తే తప్ప ఏది ఏదో తెలియదు! ముందు జాలీ, బంపరు, స్టీరింగు మధ్యలో బిళ్ల, వెనకాల పేరు. ఆ మాత్రానికే కొత్త మోడలా?

ఒక్కసారైతే పోనీలే అనుకోవచ్చు. 2019లో మారుతి బాలెనో టయోటా గ్లాంజా అయింది. 2020లో విటారా బ్రెజా కాస్తా అర్బన్ క్రూజర్ అయింది. 2023లో ఎర్టిగా కాస్తా రుమియన్, 2024లో ఫ్రాంక్స్ కాస్తా టైసర్. మారుతి మాత్రం తక్కువ తిన్నదా? టయోటా ఇన్నోవా హైక్రాస్‌ను తెచ్చి ఇన్విక్టో అంటోంది. వాయనాలు ఇచ్చిపుచ్చుకున్నట్టు కార్లు ఇచ్చిపుచ్చుకుంటున్నారు!

నాకు అసలు ఒళ్లు మండేది వారంటీ దగ్గర. గ్లాంజా వచ్చినప్పుడు దానికి 3 ఏళ్లు, లక్ష కిలోమీటర్లు. బాలెనోకేమో 2 ఏళ్లు, 40,000. ఇంజిను ఒకటే, కట్టిన ఫ్యాక్టరీ ఒకటే. మరి భరోసా రెండు రకాలెందుకు? మారుతి తన వారంటీని 3 ఏళ్లకు పెంచేసరికి 2024 వచ్చింది.

కొత్త కారు తయారుచేయడం ఖర్చుతో కూడిన పని, కాదనను. పొదుపు వాళ్లది, అయోమయం మనదీనా? మా బాబాయి గ్లాంజా తలుపు దబ్బున వేసి, "విన్నావా ఆ చప్పుడు? బాలెనోకు ఇంత గట్టి తలుపు ఎక్కడిది?" అంటాడు. ఆయనకు ఏమని చెప్పను?