ఎయిర్ స్క్రూ గారికి, సెల్లార్ నుంచి

మహారాజశ్రీ ఎయిర్ స్క్రూ గారికి, నాచారంలోని మా అపార్ట్‌మెంట్ సెల్లార్ నుంచి స్క్రూడ్రైవర్ చేతబట్టి రాసుకునేది. ఉభయకుశలోపరి అందామంటే, కుశలం మీ ఒక్కరికే ఉంది.

బైకు కార్బురేటర్‌లో పెట్రోల్‌తో కలిసే గాలికి కాపలా కాయడం మీ ఉద్యోగం. చూడబోతే చిటికెనవేలి గోరంత ఉంటారు. ఇత్తడి ఒళ్లు, నెత్తిన ఒక గాటు, నడుముకో స్ప్రింగు. కానీ 2007 మోడల్ మా వంద సీసీ బండి సిగ్నల్ దగ్గర బతకాలా చావాలా అన్నది మీ దయేనని నాలుగు ఆదివారాలు నమ్మాను. నంబరు ప్లేట్ల మీద ఏపీ పోయి టీఎస్ వచ్చింది, 2024లో అదీ పోయి టీజీ వచ్చింది. మా బండి మాత్రం ఇంకా ఏపీ 29 తగిలించుకుని, 15 ఏళ్లు నిండాక ఆర్సీని మరో 5 ఏళ్లు పొడిగించుకుని, హబ్సిగూడ చౌరస్తాలో సరిగ్గా పచ్చలైటు పడగానే ఆగిపోయేది. వెనకున్న ఆటో అన్న దీవెనలు అదనం.

మీ పూజావిధానం నాకు కంఠతా వచ్చు. ముందు ఇంజన్ వేడెక్కాలి. మిమ్మల్ని కుడివైపు చివరిదాకా తిప్పాలి, అదీ మెల్లగా. బలం చూపిస్తే మొన మీద గీత పడుతుంది, ఇక జన్మలో మాట వినరు. అక్కణ్నుంచి ఎడమకి ఒకటిన్నర చుట్లు. ఆపైన పావు చుట్టు అటూ ఇటూ తిప్పుతూ ఇంజన్ ఎక్కడ హుషారందుకుంటుందో చెవితో పట్టుకోవాలి. సరిగ్గా అప్పుడే పైనుంచి కేక: "ఏమండీ, గ్యాస్ అయిపోయింది!" సిలిండర్ మార్చి వచ్చేసరికి తిప్పింది ఒకటిన్నరా, రెండున్నరా? మళ్లీ మొదటికి.

స్పార్క్ ప్లగ్గు విప్పితే మొన ఇరానీ చాయ్ రంగులో ఉండాలట. నాది ఇడ్లీలా తెల్లగా ఉంది. గాలి ఎక్కువైందన్నమాట. మిమ్మల్ని పావు చుట్టు బిగించాను. ఇడ్లీయే. ఇంకో పావు. అయినా ఇడ్లీయే. రాణీగంజ్ వెళ్లి కొత్త ప్లగ్గు తెచ్చాను, పెట్రోల్ వెళ్లే సన్న గొట్టం, అదే స్లో జెట్టు, విప్పి ఊదాను, చివరికి పెట్రోల్‌లో కలిపే 20 శాతం ఇథనాల్‌ని కూడా తిట్టాను. వాచ్‌మన్ ప్రతి ఆదివారం పక్కన నిలబడి చూసి, చూసి, "రేపు మెట్రోలనేనా సార్?" అని వెళ్లిపోయేవాడు.

ఐదో ఆదివారం బండిని తోసుకుంటూ గల్లీ చివరి మెకానిక్ భాయ్ దగ్గరికి వెళ్లాను. చేతిలో చాయ్ గ్లాసు కింద పెట్టలేదు ఆ మనిషి. కార్బురేటర్‌కీ ఇంజన్‌కీ మధ్య ఉండే రబ్బరు జాయింటుని బొటనవేలితో అలా వంచాడు. అడుగున, కంటికి ఆనని చోట, వెంట్రుకంత పగులు.

"గాలి ఈడికెల్లి గుంజుతున్నది అన్నా. స్క్రూ ఎందుకు గెలికినవ్?"

ఏం చెప్పను? అది ఒక్కటే చేతికందింది భాయ్ అని చెప్పనా?

దొడ్డిదారిన గాలి జొరబడుతుంటే నేను వీధి గుమ్మంలో కూర్చుని మీ చెవి మెలిపెట్టాను, సరే. మీరైనా ఒక్క మాట అనొచ్చు కదా! పైగా అప్పుడప్పుడూ బాగైనట్టు నటించారు కూడా. సెల్లార్‌లో గోడగడియారంలా టకటక, చౌరస్తాలో గుండెపోటు. ఫైలు తన టేబుల్ మీద లేదని తెలిసీ రోజూ "రేపు రండి" అనే గుమాస్తాకీ మీకూ తేడా ఏమిటి?

జాయింటు 180 రూపాయలు. పని పది నిమిషాలు. మిమ్మల్ని భాయ్ ఒకటిన్నర చుట్ల దగ్గర, అంటే మొదటి ఆదివారం మీరు ఉన్నచోటే, నిలబెట్టి పంపాడు. బండి ఇప్పుడు ఎక్కడా ఆగడం లేదు. ఆ ఆటో అన్న కనిపిస్తే ముందుకెళ్లి చూపించాలని ఉంది.

ఇట్లు,
నాలుగు ఆదివారాల బాధితుడు

తా.క.: టాపెట్ల దగ్గర టిక్కుటిక్కుమని ఏదో వినిపిస్తోంది. ఏమీ లేదు పొమ్మన్నాడు భాయ్. టాపెట్ల సందు కొలిచే ఫీలర్ గేజ్ కొన్నాను.